భద్రాచల ప్రాంతమున గోదావరి వరదలు : గృహస్థుని కర్తవ్యము



నదులు రెండు విధములు. చెప్పక వచ్చునవి కొన్ని, చెప్పి వచ్చునవి కొన్ని. మన అడవులలోని వాగులు మొదటి తెగకు చెందినవి. కొండమీద అర్ధరాత్రి వాన కురిసెనా, తెల్లవారుజామునకే వాగు రెండు గట్లు తన్ని పారును. పొద్దు వాలునప్పటికి మరల మోకాటిలోతునకు దిగును. గోదావరి అట్టిది కాదు. అది వచ్చుటకు ముందు ఒక పగలో, ఒక రాత్రియో, ఒక్కొక్కప్పుడు రెండు మూడు దినములో గడువిచ్చి వచ్చును. అంత గడువిచ్చు నది తీరముననుండియు మన ఇండ్లు మునుగుటయేగాక ఇండ్లలోని ధాన్యము, పశువులు, పత్రములు, అప్పుడప్పుడు ప్రాణములు సైతము పోవుచున్నవి. దీనికి కారణమేమి? ఈ ప్రశ్నకు చరిత్రలోనే సమాధానము వెదకుదము.

ముందుగా నది నడకను తెలిసికొనవలెను. పడమటి కనుమలలో త్ర్యంబకమునొద్ద పుట్టి సముద్రమును చేరువరకు గోదావరి నిడివి 1465 కిలోమీటర్లు. దానికి నీరిచ్చు నేల 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. అయినను భద్రాచలమునొద్ద మనలను భయపెట్టు నీటిలో ఎక్కువ పాలు నాసికనుండి వచ్చునది కాదు. వార్ధా, వైనగంగ, పెన్‌గంగ నదులను కలుపుకొని ప్రాణహిత కాళేశ్వరమునొద్ద గోదావరిలో పడును. మరికొంత దిగువన బస్తరు అడవుల నీటిని ఇంద్రావతి తెచ్చి పోయును. అందువలన మన నెత్తిన ఎండ కాయుచున్నను, విదర్భలోను బస్తరులోను నాలుగు దినములు ముసురు పట్టిన చాలును, మన గుమ్మములోనికి నీరు రావచ్చును. ఆకాశమును చూచి గోదావరిని అంచనా కట్టువాడు మోసపోవుననుట ఇందుచేతనే. కాళేశ్వరమునొద్ద కనబడిన పోటు భద్రాచలమును చేరుటకు దాదాపు ఒక పగలును ఒక రాత్రియు పట్టును. ఇక్కడినుండి ధవళేశ్వరమునకు ఇంచుమించు మరియొక దినము పట్టును.

దిగువ సంగతి వేరు. భద్రాచలము దాటినపిమ్మట కిన్నెరసాని కలియును. కూనవరమునొద్ద, సీలేరును వెంటబెట్టుకొని శబరి వచ్చి కలియును. ఆపైన పాపికొండల ఇరుకులో నది ఒదిగి పోవలెను. ఎగువనుండి గోదావరి, ప్రక్కనుండి శబరి ఒక్కసారే పొంగినచో, ఆ ఇరుకుదారిలో నీరు చాలినంత వేగముగా దిగలేక వెనుకకు ఎగదన్నును. అప్పుడు వాగులు తమ నీటిని నదిలో పోయజాలవు సరిగదా, నదియే వాగులలోనికి ఎక్కును. బూర్గంపాడు వైపున కిన్నెరసాని ఎగదన్నుట, కూనవరము, వరరామచంద్రపురము ప్రాంతములలో పొలములు చెరువులగుట దీనివలననే. నదికి రెండు మైళ్ల దూరమున నున్న ఊరిని వెనుకనుండి వాగు ముంచుట వింత కాదు.

ఇక చరిత్రకు వత్తము. 17వ శతాబ్దమున పాల్వంచ పరగణా తహసీల్దారుగా నుండిన కంచర్ల గోపన్న శ్రీరామునకు గుడి కట్టించిన తావు ఒక గుట్ట. ఎంతటి పోటు వచ్చినను గుట్టమీది గుడి మెరకనే యున్నది. ఊరు మాత్రము గుట్ట క్రిందికి జారి పెరిగినది. రహదారి, బజారు, స్నానఘట్టము, వర్తకము మనుష్యులను పల్లమునకు లాగుకొనివచ్చినవి. ఇది ఒక్క భద్రాచలపు కథయే కాదు. నీరు దగ్గర, ఒండ్రునేల దగ్గర, పడవ దగ్గర ఉండవలెనను కోరికచేత మన తీరగ్రామములెన్నో ఇట్లే పల్లమున వెలసినవి. ఆ ఒండ్రుమట్టియే మనకు అన్నము పెట్టుచున్నది గనుక పెద్దలను తప్పుపట్ట పనిలేదు. అన్నము పెట్టు చేయియే అప్పుడప్పుడు చెంపపెట్టును పెట్టునని మాత్రము మరువరాదు.

1860లో నైజాము ఈ భద్రాచల ప్రాంతమును ఇంగ్లీషువారికి వదలెను. మొదట అది మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లాగా నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. ఆ దినములలోనే ధవళేశ్వరము ఆనకట్టను నిర్మించిన ఆర్థర్ కాటన్ దొర, ఆయన అనుచరుడైన హేగు దొర, ఈ నదిని పెద్ద పడవల బాటగా చేసి, వార్ధా లోయలోని ప్రత్తిని సముద్రతీరమునకు దింపవలెనని తలపోసిరి. నదికి అడ్డముగా నున్న బండల వరుసలలో మొదటిది దుమ్ముగూడెమునొద్దది. అక్కడ ఆనకట్టయు, పడవలు దాటు కాలువయు కట్టిరి. వానకాలమున పడవను తలక్రిందులు చేయునంత నీరు, వేసవిలో బండలు తేలునంత కరవు. ఈ రెండింటి నడుమ ఆ యత్నము నిలువలేక 1871లో పనులు ఆగిపోయినవి. నదిని లొంగదీయవలెనను పని విఫలమైనది. నదిని కొలిచి, ఆ కొలతను బట్టి నడచుకొనుట మాత్రము మనకు మిగిలినది.

ఆ కొలత యే నేడు మీరు ఆకాశవాణిలోను పత్రికలలోను వినుచున్న భద్రాచలపు అడుగుల లెక్క. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది, అనగా చివరిది. ఈ అడుగులు నది కొలబద్దమీదివి. 1986 ఆగస్టు 16వ తేదీన ఈ కొలబద్దమీద నీరు 75.6 అడుగులు చూపెను. సెకండునకు ఒక ఘనపుటడుగు నీరు పారిన ఒక క్యూసెక్కు అందురు. ఆ దినమున భద్రాచలమునొద్ద పారినది దాదాపు 27 లక్షల క్యూసెక్కులు. 1990లో 70 అడుగులు దాటెను. 2006 ఆగస్టులో 66 అడుగులు, 2013లోను 2020లోను 61 అడుగులు మించెను. 2022 జూలై 16వ తేదీన 71.3 అడుగులకు ఎక్కెను. 1965లో ప్రారంభమైన భద్రాచలపు వంతెనపై 1986లో వలెనే 2022లోను రాకపోకలు నిలిపివేయవలసి వచ్చెను. అంతకు పూర్వము 1953 ఆగస్టులో ఈ నదియే దిగువ డెల్టాలో గట్లు తెంచి ఉభయ గోదావరి జిల్లాలను ముంచెను.

ఈ తేదీలలో కృషీవలులైన మీరు గమనింపదగిన సంగతి యొకటి కలదు. 1986, 2006 సంవత్సరముల పోట్లు ఆశ్లేష కార్తెలో వచ్చినవి. 2020 నాటిది మఖ కార్తె మొదట వచ్చినది. కనుక ఆశ్లేష, మఖలకు జాగ్రత్త పడుదమని మన పెద్దలు సామాను సర్దుకొనుట వాడుక. కాని 2022లో పోటు పునర్వసు కార్తెలోనే, అనగా ఒక నెల ముందుగనే వచ్చినది. అప్పటికి ఇంక విత్తనములు మొలకలుగా నున్నవి. గాదెలు పైకి ఎత్తబడలేదు. కాబట్టి సన్నాహమునకు గడువు ఆశ్లేష కాదు, మృగశిర. తొలకరి జల్లుతోడనే ఇల్లు సర్దుకొనవలెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. కొలతయు ఉన్నది, వార్తయు వచ్చుచున్నది. అయినను నష్టమేల? నేను బడిలో పాఠము చెప్పు దినములలో పిల్లలకొక లెక్క ఇచ్చెడివాడను. భద్రాచలమున 53 అడుగులన్నప్పుడు మన ఊరిలో నీరెక్కడ నుండును? 60 అన్నప్పుడు ఎవరి వాకిట నుండును? 70 అన్నప్పుడు ఎవరి కప్పునంటును? పిల్లలకు మూడు హెచ్చరికల అంకెలును కంఠస్థములే. ఈ లెక్కకు మాత్రము జవాబు రాదు. ఇంటికి పోయి అవ్వను అడిగి రమ్మంటిని. మరునాడు వారు తెచ్చిన జవాబులు బహు చక్కనివి. ఒక అవ్వ రావిచెట్టు తొఱ్ఱవరకు అనెను. ఒక అవ్వ దూలము క్రింద జానెడు అనెను. అనగా జ్ఞానము ఊరిలో లేకపోలేదు. అది కొలబద్ద అంకెతో ముడిపడలేదు. అంకె యొకచోట, అనుభవము మరియొకచోట ఉండిపోయినవి. నష్టమునకు మూలమిదియే. 60 అడుగులని వినిన రైతునకు అది ఎవరికో చెప్పిన మాటగా తోచును. నీ గాదె అడుగున మూరెడు నీరు వచ్చునని చెప్పినచో ఆ రాత్రి నిద్రపోడు.

ఈ ముడి వేయుటలో ఇతర దేశములవారు చేసినది వినుడు. ఈజిప్టులో, కైరో నగరమునొద్ద రోడా ద్వీపమున, 861వ సంవత్సరమున కట్టిన కొలబావి నేటికిని కలదు. నైలునది పొంగునపుడు ఆ బావిలోని రాతిస్తంభముపై గీతలను చూచి, ఈ యేడు పంట ఎంత, పన్ను ఎంత అని నిర్ణయించెడివారు. వారికి నీటి గీత యనగా ఇంటి ఖర్చు గీత. జపాను దేశమున అనెయోషి యను చిన్న పల్లెలో, 1933లో సముద్రపు ఉప్పెన వచ్చి ఊరు తుడిచిపెట్టుకొని పోయినపిమ్మట, బ్రతికినవారు కొండవాలున ఒక రాయి నిలిపి, ఈ రాతికి దిగువన ఇండ్లు కట్టవలదని చెక్కించిరి. 2011లో మహా ఉప్పెన మరల వచ్చినపుడు నీరు ఆ రాతికి క్రిందనే ఆగెను. ఊరు నిలిచెను. తాతలు వ్రాసిన ఒక్క వాక్యము మనుమలను కాచినది.

మనకును అట్టి రాయి కావలెను. దానికి ప్రభుత్వపు ఉత్తరువు కొరకు వేచియుండ నక్కరలేదు. 1986 నాటి నీటిని, 2022 నాటి నీటిని చూచిన వృద్ధులు ఇంక మన నడుమ నున్నారు. వారిని చేయిపట్టి తీసికొనివచ్చి, బడిగోడమీదనో రచ్చబండ ప్రక్క స్తంభముమీదనో నీరు నిలిచిన ఎత్తును గుర్తు పెట్టించి, ప్రక్కన సంవత్సరమును భద్రాచలపు అడుగులను వ్రాయించుడు. ప్రతి గృహస్థుడును తన గోడమీద రెండు గీతలు గీసికొనవలెను: ఏ అంకెకు వాకిలి తడియును, ఏ అంకెకు తాను ఇల్లు విడువవలెను. భద్రాచలమున ఒక అడుగు పెరిగిన మీ ఊరిలోను సరిగా ఒక అడుగే పెరుగునని తలపరాదు. నది వాలును, వాగు ఎగదన్నును బట్టి అది మారును. అందుచేతనే మీ ఊరి గీత మీరే గీయవలెను.

కరకట్ట యున్నది గదా యని భద్రాచలమువారు అనవచ్చును. 1986 తరువాత కట్టిన ఆ కట్ట పట్టణమునకు గొప్ప రక్షణ యనుటకు సందేహములేదు. అయితే దాని స్వభావము నెరుగవలెను. ఊరి మురుగును వాననీటిని నదిలోనికి పంపుటకు కట్టలో తూములు కలవు. నది ఊరికన్న ఎత్తైనపుడు తూములు మూయవలెను. మూసినచో ఊరి వాననీరు ఊరిలోనే నిలుచును. అప్పుడు దానిని యంత్రములతో తోడి నదిలో పోయవలెను. తూములు సరిగా మూసికొననిచో నదియే వాటిగుండ లోనికి వచ్చును. కనుక కట్ట యున్న ఊరిలో వేసవియందే తూముల తలుపులను, తోడు యంత్రములను పరీక్షింపజేయుట పెద్దల పని. కట్ట నీటిని ఆపును, ఏమరుపాటును ఆపజాలదు.

సన్నాహములు కొన్ని చెప్పెదను. పట్టాదారు పుస్తకము, ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, పిల్లల చదువు పత్రములు ఒక మందపు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఒకే పెట్టెలో ఉంచవలెను. వాటి చిత్రములు చేతి ఫోనులో తీసి, దూరపు చుట్టమునకు పంపియుంచుట మేలు. వారమునకు సరిపడు బియ్యము, పప్పు, ఉప్పు, అగ్గిపెట్టె, నిత్యము వాడు మందులు, టార్చిలైటు వేరుగా మూట కట్టవలెను. విత్తనపు ధాన్యమును అటకమీద గాక మెరకనున్న చుట్టముల ఇంట దాచుట ఉత్తమము. పశువులకు తొలకరికి ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయింపవలెను. వరద వచ్చినపుడు మొదట తోలవలసినవి అవియే. తోలలేనిచో పలుపులు కోసి విడువవలెను. కట్టుకొయ్యకు కట్టినట్లే మునిగిన ఆవును చూచుటకన్న గోహత్య వేరొకటి లేదు. నెలలు నిండిన గర్భిణులను, మంచము పట్టిన వృద్ధులను మొదటి హెచ్చరికకే ఆస్పత్రి దగ్గరకు చేర్చవలెను. తూరుబాకవంటి పల్లపు తావులలో రహదారి మునిగినపిమ్మట చర్లవైపు ఊళ్లకు బండి రాదు. ఇల్లు మునుగుటకు ముందు దారి మునుగునని జ్ఞాపకముంచుకొనుడు.

వార్త నందించుట రెండవ కర్తవ్యము. పూర్వము కరణమో మునసబో కబురు పంపగా తలారి తప్పెట కొట్టి చాటెడివాడు. నేడు ఫోను కలదు. కాని పోటు దినములలో విద్యుత్తు పోయి ఫోను మూగబోవును. కనుక తప్పెటను పారవేయకుడు. అధికారులకు తెలుపునపుడు ఊరు మునుగుచున్నది, రక్షింపుడు అని కేకలు వేయుటకన్న ఐదు మాటలు స్పష్టముగా చెప్పుట మేలు: ఊరిపేరు, నీరు ఏ గుర్తువరకు వచ్చినది, ఏ దారి తెగినది, ఎందరు చిక్కుకొన్నారు, వారిలో రోగులు గర్భిణులు ఎందరు. జిల్లా వరద కేంద్రమునకు 1077, ఏ ఆపదకైనను 112, రోగులకు 108. ఈ మూడు అంకెలును గోడమీది గీత ప్రక్కనే వ్రాయుడు. పుకారును ముందుకు నెట్టుట వార్త కాదు. నీరు తగ్గినదను పుకారు మరింత ప్రమాదకరము. గోదావరి ఒకపూట తగ్గినట్లు కనబడి, ఎగువనుండి రెండవ పోటు రాగా మరల పెరుగుట కద్దు.

నష్టమును తెలుపుటయు వార్తయే. ఇల్లు కడుగుటకు ముందే గోడలకు, సామానునకు చిత్రములు తీయవలెను. చనిపోయిన పశువును పశువైద్యుడు చూచి వ్రాసినపిమ్మటనే పూడ్చవలెను. పంట నూటికి 33 పాళ్లు లేక అంతకు మించి పోయినచో విపత్తు సహాయపు నిబంధనల క్రింద లెక్కకు వచ్చును. వ్యవసాయ విస్తరణాధికారి జాబితాలో మీ సర్వే నంబరు సరిగా నెక్కినదో లేదో స్వయముగా చూచుకొనుడు. కౌలురైతు పేరు, అక్షరము రాని కోయ గూడెపు సోదరుని పేరు జాబితాలో తప్పిపోవుట తరచుగా జరుగును. చదువుకొన్న పెద్దలకు ఆ దినమున ఇంతకు మించిన దానధర్మము లేదు: ఒక కలము, ఒక కాగితము పట్టుకొని వారి ప్రక్కన కూర్చుండుట.

నీరు దిగినపిమ్మట ఆత్రపడరాదు. నానిన మట్టిగోడ నీటిలో నిలిచియుండి, నీరు తీసినపిమ్మట కూలును. పెద్దవాడొకడు పగటివేళ ముందు చూచి రావలెను. పిల్లలను వెంటనే లోనికి పంపరాదు. లైనుమాను వచ్చి చూచువరకు విద్యుత్తు మీట నొక్కరాదు. కట్టెలలోను గడ్డిలోను పాములు చేరియుండును. పాము కరచినచో కట్లు కట్టుట, కోయుట, మంత్రము కొరకు కాలము గడపుట మాని, కదలనీయక ఆస్పత్రికి చేర్చవలెను. నూతిలోని బురదనీటిని తోడి పారబోసి, మిగిలిన నీటిలో వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన బ్లీచింగు పొడిని బకెట్టులో కలిపి, సున్నము అడుగున దిగిన తరువాత పై తేటను మాత్రమే నూతిలో పోసి, ఒక గంట ఆగవలెను. ఇంట 20 లీటర్ల బిందెకు అరగ్రాము క్లోరిన్ బిళ్ల ఒకటి వేసి, అరగంట తాళి త్రాగవచ్చును. కాచి చల్లార్చుట అన్నిటికన్న నమ్మకము. విరేచనములు పట్టినచో లీటరు మంచినీటిలో ఆరు సమతల చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి మాటిమాటికి త్రాగింపుడు. మన అడవి ప్రాంతమున మలేరియా పాత శత్రువు. నిలిచిన నీటిని పారద్రోలి, దోమతెరలో పండుకొనుడు.

ఇంకొక్క మాట. 2014లో రాష్ట్ర విభజనముతో కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములును, భద్రాచల పట్టణము చుట్టునున్న పల్లెలును ఆంధ్రప్రదేశమున చేరినవి. పట్టణము తెలంగాణమున నిలిచినది. పాలించు కార్యాలయములు రెండైనవి, వార్త నడచు దారులు రెండైనవి. నీరు మాత్రము ఒక్కటే. ఎగువ ఊరివాడు తన గీతమీద నీరు చూచినంతనే దిగువ ఊరి చుట్టమునకు కబురు చేయుటకు ఏ సరిహద్దును అడ్డురాదు. వియ్యములందుకొన్న ఊళ్లు, జాతరలు కలసి చేసికొన్న ఊళ్లు, పోటువార్తను కూడ అట్లే అందుకొనవలెను.

గోదావరిని ఆపు శక్తి మనకు లేదు. ఆమె ముందుగా పంపు మాటను వినుటకు, విన్న మాటను మన గడపకు తెచ్చి కొలుచుటకు శక్తి కలదు. ఈ మృగశిరకు ముందే ప్రతి ఊరి పెద్దయు ఒక సుద్దముక్కయు ఒక నూలుతాడును తీసికొని, ఊరి అవ్వలను తాతలను వెంటబెట్టుకొని, ఆ గీతలను గీయింతురుగాక యని ప్రార్థించుచు, సెలవు గైకొనుచున్నాను.